అక్క, నేను, వెచ్చని ఉప్పునీళ్లు

ఇప్పుడు మెట్లు ఎక్కగలుగుతున్నాను. కమ్మీ పట్టుకునే ఎక్కుతాను, దిగేటప్పుడు పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగుతాను. సాయంత్రమయ్యేసరికి కుడిపాదం కాస్త ఈడుస్తుంది. కొన్నాళ్లకు అదీ పోవచ్చునని, పోకపోనూవచ్చునని డాక్టరు చెప్పింది. ఆ మాట విని నిద్రపోగలుగుతున్నాను కాబట్టి ఇక రాయొచ్చుననిపించింది. మంచం మీద కదలకుండా పడి ఉన్నప్పుడు, ఈ జబ్బు గురించి మన భాషలో ఎవరైనా “నాకిలా వచ్చింది, ఇలా గడిచింది” అని చెబితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. అలా వెతుక్కునేవాళ్లు ఇంకెవరైనా ఉంటే ఇది వాళ్ల కోసం.

ఫిబ్రవరి

శాన్ రామన్‌లో నేనూ, పదమూడేళ్ల మా అమ్మాయి తన్వీ ఉంటాం. తన్వి వాళ్ల నాన్నా నేనూ విడిపోయి నాలుగేళ్లయింది. ఆయన డాలస్‌లో ఉంటాడు. నాది డేటాబేస్ పని, వారంలో మూడు రోజులు ఇంటినుంచే.

ఆ నెల మొదట్లో ఏదో తిని కడుపు పాడైంది. మూడు రోజుల్లో తగ్గింది, మర్చిపోయాను. రెండు వారాల తర్వాత ఒక సోమవారం కాలివేళ్లలో చీమలు పాకినట్టు మొదలైంది. కుర్చీలో ఎక్కువసేపు కూర్చున్నందుకేమో అనుకున్నాను. మంగళవారం వంటింట్లోంచి హాల్లోకి వచ్చాక చూసుకుంటే ఎడమకాలికి చెప్పు లేదు. అది స్టవ్ దగ్గరే ఊడిపోయింది. ఊడినట్టు నాకు తెలియలేదు.

దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్లాను. గంటన్నర కూర్చోబెట్టి, విటమిన్లు తక్కువై ఉంటాయని మాత్రలు రాసి పంపారు. నేనూ నమ్మాను. నమ్మాలని ఉంది మరి. బుధవారం గ్రోసరీ బ్యాగులు కార్లో పెడుతుంటే మోకాళ్లు మడత కుర్చీలా ముడుచుకుపోయాయి. ఎవరో పెద్దాయన లేపి నిలబెట్టాడు. గురువారం పొద్దున బాత్రూమ్‌లో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను.

“తన్వీ!” అని పిలిచాను.

తలుపు తోసుకుని వచ్చి నన్ను చూసింది. “అమ్మా, ఆర్ యూ ఓకే? ఏం అయింది?”

“కాళ్లు లేవట్లేదమ్మా. నువ్వు లేపగలవా?”

చంకల కింద చేతులు పెట్టి ప్రయత్నించింది. వల్ల కాలేదు. అప్పుడు నా భుజం మీద టవల్ కప్పి, పక్కన నేలమీద కూర్చుని, ఎమర్జెన్సీకి ఫోన్ చేసి, మా అడ్రస్ తడబడకుండా చెప్పింది. ఫోన్ పెట్టేశాకే ఏడ్చింది.

ఆస్పత్రిలో డాక్టరు నా మోకాలి కింద రబ్బరు సుత్తితో తట్టింది. కాలు కదల్లేదు. మళ్లీ తట్టింది. రెండో కాలు కూడా అంతే. అంతవరకూ నవ్వుతూ మాట్లాడిన మనిషి మొహంలో మర్యాద ఒక్కటే మిగిలింది. వెన్నులోంచి నీరు తీసి పరీక్షించాక సాయంత్రానికి పేరు చెప్పారు. గియాన్-బారే. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటున నరాల మీద పడి వాటి పైపొరను తినేస్తుందట. కాళ్ల దగ్గర మొదలై పైకి ఎక్కుతుందట. ఎక్కడ ఆగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరట.

ఒక్కమాట ఇక్కడే చెప్పేస్తాను. రెండు కాళ్లూ ఒకేసారి మొద్దుబారి, అది రోజురోజుకీ పైకి వస్తుంటే, మాత్రలు మింగుతూ ఇంట్లో కూర్చోవద్దు. అదే రోజు పెద్దాస్పత్రికి వెళ్లండి. నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కళ్లు తెరిస్తే మంచం పక్కన మా అక్క నిలబడి ఉంది.

మా అక్క సరళ, నాకంటే ఏడేళ్లు పెద్దది, న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటుంది. ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక చీరల కొట్టులో జాకెట్లు కుడుతుంది. నా విడాకులప్పుడు మా మధ్య మాటలు పోయాయి. “ఆడది కాస్త సర్దుకుంటే ఏ సంసారమైనా నిలబడుతుందే” అంది ఆ రోజు ఫోన్లో. నేను ఫోన్ పెట్టేశాను. తర్వాత మూడున్నరేళ్లు పుట్టినరోజులకు వాట్సాప్‌లో ఒక పువ్వు బొమ్మ, అంతే.

“ఎవరు చెప్పారు నీకు?” అన్నాను.

అక్క నా తల వైపు చూసి, “జుట్టేంటే ఇలా చిక్కుపడిపోయింది?” అంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి దువ్వెన తీసింది.

తన్వి గుమ్మంలో నిలబడి ఉంది. “నేనే కాల్ చేశాను, అమ్మా. ఐ హ్యాడ్ టు. నువ్వు మ్యాడ్ అవ్వకు.”

మార్చి

చేతులకూ వచ్చింది. చెంచా పట్టుకోలేకపోయాను. ఆ తర్వాత ముఖంలో ఒక పక్క బిగుసుకుని, మింగడం కష్టమైంది. ఐదు రోజులు సీసాల కొద్దీ మందు నరంలోకి ఎక్కించారు. నాలుగు గంటలకోసారి ఒక ప్లాస్టిక్ గొట్టం నోటికి పెట్టి “ఊదండి” అనేవారు. ఎంత ఊదగలిగితే ఊపిరి అంత బలంగా ఉన్నట్టు. ఆ అంకె ఒక గీత కిందికి వస్తే ఊపిరాడించే మెషీన్ పెడతారు. ప్రతిసారీ కొంచెం తగ్గుతూ ఆ గీత వైపే వెళ్లేది. అంకె ఎంతొచ్చిందని నేను అడిగేదాన్ని కాదు. అక్క మొహం చూసేదాన్ని. అక్కకు అబద్ధమాడటం రాదు, కాబట్టి ఆ సమయానికి నాకు వీపు తిప్పి కిటికీలోంచి చూస్తూ నిలబడేది.

ఆరో రోజు ఊదాక అక్క నా వైపు తిరిగింది. “పోయినసారి ఎంతో ఇప్పుడూ అంతేనే. తగ్గలా,” అంది. ఆ రోజుకి అదే పండగ.

బయట వెయిటింగ్ రూమ్‌లో ఒక పంజాబీ పెద్దావిడ ఉండేదట. ఆవిడ భర్తకు గుండె ఆపరేషన్. అక్కకు హిందీ రాదు, ఆవిడకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా రోజూ పదకొండింటికి రెండు రొట్టెలూ, ఆవకాయలాంటి ఏదో పచ్చడీ రేకు కాగితంలో చుట్టి అక్క ఒళ్లో పెట్టేది. అక్క మర్నాడు పులిహోర చేసి తీసుకెళ్లేది. ఒకరోజు ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన్ని ఇంటికి పంపారా, ఇంకేమైనా అయిందా అని అడిగే ధైర్యం అక్కకు లేకపోయింది. తెచ్చిన పులిహోర నర్సులకు ఇచ్చేసింది.

ఆ వారంలోనే తన్వి వాళ్ల నాన్న డాలస్ నుంచి వచ్చాడు. చెడ్డమనిషి కాదు. మంచం చివర నిలబడి, “వసుధా, నువ్వు లేచి తిరిగేదాకా తన్విని నా దగ్గర ఉంచుతాను. స్కూల్ మార్పించడం పెద్ద పనేం కాదు,” అన్నాడు.

సబబైన మాటే. నా నోరు సరిగా తిరగదు, చెయ్యి లేవదు. అలా వెళ్లిన పిల్ల కొత్త స్నేహితులతో అక్కడే అలవాటుపడిపోతుందని, నేను ఎప్పటికీ లేవకపోతే అదే మంచిదని కూడా నాకు తెలుసు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి రాదు.

అక్క వచ్చి కొంగుతో తుడిచింది. ఆయనతో చాలా మెల్లగా మాట్లాడింది. “బాబూ, పిల్లని స్కూలుకి పంపేది నేను, అన్నం పెట్టేది నేను. జూన్ దాకా ఎక్కడికీ పోను. అప్పటికీ ఇది లేవకపోతే అప్పుడు ఆలోచిద్దాం.”

“మీ ఇల్లు, మీ జాబ్ ఏం చేస్తారు?”

“మా ఆయనకు అన్నం వండుకోవడం వచ్చు. జాకెట్లు ఆగుతాయి.”

ఆయన సరేనన్నాడు. వెళ్లేముందు తన్విని గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఫోన్ చేసి దాని హోమ్‌వర్క్ చూసేవాడు.

ఏప్రిల్ నుంచి జూన్

మళ్లీ కూర్చోవడం, నడవడం నేర్పే రిహాబ్ ఆస్పత్రికి మార్చారు. అక్కడ రోజులన్నీ చిన్న చిన్న కొలతల్లో గడిచాయి. ఈరోజు బొటనవేలు కదిలింది, ఈరోజు మంచం అంచున పది లెక్కపెట్టేదాకా కూర్చున్నాను, ఈరోజు చెంచా నోటిదాకా వచ్చింది. బాగవుతున్నప్పుడే నాకు కోపం ఎక్కువైంది. చావుభయం ఉన్నన్నాళ్లూ సాధువులా ఉన్నాను. అది తగ్గాక అందరి మీదా అరవడం మొదలుపెట్టాను, ముఖ్యంగా అక్క మీద. స్నానం చేయిస్తే నీళ్లు వేడి అన్నాను, తినిపిస్తే పప్పులో ఉప్పు లేదన్నాను. పాదాలకు నూనె రాస్తుంటే, “ఎందుకక్కా అది? నాకు తెలియను కూడా తెలియదు. చెక్కకు రాస్తున్నట్టే,” అన్నాను.

“చెక్కకైనా నూనె మంచిదే,” అని రాస్తూనే ఉంది.

ఒకరోజు మాటల మధ్యలో, “పోయినేడు నువ్వు చేసిన గుత్తివంకాయ కూరలో కొబ్బరి మాడిందట కదా, ఈసారి నేను చేసిపెడతాలే,” అంది.

నేను అక్క వైపు తిరిగాను. “అది నీకెలా తెలుసు?”

అక్క చేతిలోని గిన్నె పక్కన పెట్టింది. తన్వి ఫోన్లోంచి తలెత్తి చూసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“ఐ కాల్ పెద్దమ్మ ఆన్ సండేస్,” అంది తన్వి. “సిక్స్త్ గ్రేడ్ నుంచి. నువ్వు వాక్‌కి వెళ్తావు కదా, అప్పుడు.”

“ప్రతి ఆదివారమా?”

“ఆల్మోస్ట్. పెద్దమ్మ ఎప్పుడూ ఫస్ట్ నీ గురించే అడుగుతుంది. నువ్వు ఏం తిన్నావు, బాగా స్లీప్ చేస్తున్నావా అని.”

నా వెనక ఇన్ని మాటలా అని ఒళ్లు మండిపోయింది. ఆ మధ్యాహ్నం ఇద్దరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం థెరపీకి తీసుకెళ్లినప్పుడు వాకర్ పట్టుకుని మొదటిసారి నాలుగడుగులు వేశాను. తిరిగి చూస్తే వాళ్లిద్దరూ గోడ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు. వాళ్లతో తప్ప ఇంకెవరితో చెప్పుకుంటాను? “చూశారా?” అన్నాను. అక్క చప్పట్లు కొట్టింది. తన్వి వీడియో తీయడం మర్చిపోయింది.

జూన్ చివర్లో వాకర్‌తో ఇంటికి వచ్చాను. జులైలో అక్క ఎడిసన్ వెళ్లింది.

అక్టోబర్

ఈత కొలనులో థెరపీ చేయించేవాళ్లు. నీళ్లలో నా బరువు సగానికి సగం తగ్గి, నడవగలిగేదాన్ని. అక్కడ పరిచయమైన ఒక పెద్దావిడ, నెవాడాలో ఎడారి అంచున ఒక ఉప్పు సరస్సుందని చెప్పింది. నేలలోంచి వేడి ఊటలు వచ్చి చేరడంతో ఏడాదంతా గోరువెచ్చగా ఉంటుందట. ఉప్పు ఎంత ఉంటుందంటే మునగాలన్నా మునగలేమట. ఒడ్డునే పాత స్పా రిసార్ట్ ఒకటి ఉంది.

ఫోన్లో అక్కతో చెప్పాను. ఇప్పుడు ఆదివారాలు నేనే ఫోన్ చేస్తున్నాను. “నాకు నీళ్లంటే భయమే,” అంది. వారం తిరక్కముందే టికెట్ కొనుక్కుని వచ్చేసింది.

థెరపిస్ట్ వద్దనలేదు, కానీ షరతులు పెట్టింది. నా పాదాలకు వేడి తెలియదు కాబట్టి ముందు ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి. ఉప్పు పలుకులు కోసుకుంటాయి కాబట్టి రబ్బరు బూట్లు వేసుకోవాలి. పావుగంటకు మించి ఉండకూడదు. అక్క ఇవన్నీ కాగితం మీద రాసుకుని బ్లౌజులో పెట్టుకుంది.

కొండల మీదుగా ఏడు గంటల ప్రయాణం. మొత్తం అక్కే డ్రైవ్ చేసింది. తన్వి వెనక సీట్లో ఒక పక్కకు ఒరిగి కూర్చుని పాటలు పెట్టింది. కొండలు దిగాక చెట్లు పోయాయి, తర్వాత పొదలూ పోయాయి. చివరికి తెల్లటి నేల, దాని మధ్యలో సీసపు రంగు నీళ్లు. పైన పల్చగా ఆవిరి.

ఒడ్డున ఉప్పు గట్టి గట్లుగా పేరుకుని ఉంది. నీళ్లలోకి చెక్క మెట్లు, కమ్మీ ఉన్నాయి. అక్క మెట్టు మీద కూర్చుని మోచేయి ముంచి చూసింది, చంటిపిల్ల స్నానానికి నీళ్ల వేడి చూసినట్టు. “పర్లేదు, దిగు. నేనిక్కడే కూర్చుంటా.” తన్వి నా చెయ్యి పట్టుకుని దించింది. నడుం లోతుకు వెళ్లాక వెనక్కి వాలాను.

నీళ్లు నన్ను ఎత్తేశాయి. ఎనిమిది నెలలుగా ఏదో ఒకటి నన్ను మోయాల్సివచ్చింది. మంచం, చక్రాల కుర్చీ, వాకర్, అక్క. ప్రతిదాని దగ్గరా నేనెంత బరువో నాకు తెలిసేది. ఇక్కడ ఏమీ తెలియలేదు. నా పాదాలు వాటంతట అవే పైకి తేలి, దూరంగా, ఎవరివో అన్నట్టు కనిపించాయి. చెవుల నిండా నీళ్లు. ఆకాశం తప్ప ఏమీ లేదు. చాలాకాలం తర్వాత నా ఒంటి మీద నాకు కోపం లేదు.

అంతలో తన్వి ఏదో అంది. వినబడక దాని వైపు తల తిప్పాను. తలతోపాటు ఒళ్లంతా దొర్లింది. బోర్లా పడ్డాను. కళ్లలో, ముక్కులో ఉప్పు కారం కొట్టినట్టు మండింది. కాళ్లు కిందికి దించి నిలబడాలి. కానీ ఆ నీళ్లు కాళ్లను దిగనివ్వవు, దించే బలం నా కాళ్లకు లేదు. నడుం లోతు నీళ్లలో మొహం పైకెత్తలేక కొట్టుకున్నాను.

రెండు చేతులు చంకల్లోకి వచ్చి నన్ను తిప్పి పైకి లాగాయి. రిహాబ్‌లో నేర్పిన పట్టు అది. కళ్లు తెరవలేకపోయినా ఎవరో తెలిసింది. “పట్టుకున్నానే, పట్టుకున్నా. ఊపిరి తీసుకో,” అంటోంది అక్క. చుడీదార్‌తో, చేతి గడియారంతో, చున్నీతో సహా నీళ్లలో ఉంది. తన్వి “అమ్మా, సారీ, సారీ” అంటూ నా నడుం పట్టుకుంది. దగ్గర్లో తేలుతున్న ఒక ముసలావిడ కూడా వచ్చి చెయ్యి వేసింది. ముగ్గురూ కలిసి ఒడ్డుకు చేర్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. అక్కడ పనిచేసే ఆమె పరుగున వచ్చి మంచినీళ్లు కళ్లలో పోసి కడిగింది.

ఆ ముసలావిడ పోకుండా నిలబడి, నిలబడే కిటుకు నేర్పింది. “తొందరపడి కాళ్లు దించబోకు. ముందు మోకాళ్లు దగ్గరికి తెచ్చుకో. రాకపోతే ఎవరినైనా పట్టుకో. అందుకు సిగ్గెందుకు? నేను ఇరవై ఏళ్లుగా వస్తున్నా, మొదటి రోజు నేనూ ఉప్పు తాగినదాన్నే,” అని నవ్వింది.

అప్పుడే ఏదో మండుతున్నట్టు అనిపించింది. కళ్లు కాదు.

“అక్కా, మండుతోంది.”

“ఇంకొంచెం నీళ్లు పోస్తా ఉండు.”

“కళ్లు కాదక్కా. పాదం. కుడిపాదం మండుతోంది.”

అక్క వంగి చూసింది. ఆ పెనుగులాటలో బూటు ఊడిపోయి, ఉప్పు గట్టు గీసుకుని, చిటికెనవేలి పక్కన సన్నటి ఎర్రగీత పడింది. దానిలోకి ఉప్పునీళ్లు దిగాయి. ఆ రోజు స్టవ్ దగ్గర పడి ఉన్న చెప్పులాంటి పాదం నాది, నూనె రాసినా తెలియని చెక్క. అది మండుతోంది. అక్క ముఖం ముందు భయంగా, తర్వాత అనుమానంగా మారింది.

“కళ్లు మూసుకో,” అంది. మూసుకున్నాను. “ఇక్కడ తెలుస్తోందా?”

“లేదు.”

“ఇక్కడ?”

“లేదు… ఆగు. చిటికెనవేలు. పట్టుకున్నావు.”

కళ్లు తెరిచేసరికి అక్క తడిబట్టలతో నేలమీద కూర్చుని, నా పాదం ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. ఆస్పత్రిలో ఒక్కసారి కూడా ఏడవని మనిషి. కాసేపటికి ముక్కు తుడుచుకుని, “ఆ రోజు ఫోన్లో నేనన్నమాట అనాల్సింది కాదే. నీ సంగతి నాకేం తెలుసని అన్నాను?” అంది.

ఎన్నో జవాబులు మూడున్నరేళ్లుగా తయారుచేసి పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తురాలేదు. “నేను ఫోన్ పెట్టెయ్యకుండా తిట్టి ఉండాల్సింది,” అన్నాను.

“ఇప్పుడు తిట్టు.”

“ముందు బట్టలు మార్చుకో. చలి పట్టుద్ది.”

సరస్సు నన్ను బాగుచేసిందని చెప్పను. ఇంటికి వచ్చాక డాక్టరు చూసి, నరాలు వాటి దారిన అవి మొలుచుకొస్తున్నాయని, ఆ వారమో ఆ పై వారమో ఎలాగూ తెలిసి ఉండేదని అంది. తెగిన కాలితో ఉప్పు నీళ్లలోకి వెళ్లొద్దని తిట్టింది కూడా. మీరెవరైనా అలాంటి చోటికి వెళ్తే మీ డాక్టరును అడిగి వెళ్లండి, ఒంటరిగా దిగొద్దు.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున, పాదానికి తడి తగలని పట్టీ వేయించుకుని, చివరిసారి పావుగంట దిగాను. ఈసారి అక్క కూడా దిగుతానంది. తన్వి నమ్మలేదు. రిసార్ట్ కొట్లో కొన్న, మోకాళ్ల దాకా వచ్చే నల్లటి స్విమ్ డ్రెస్ వేసుకుని, యాభై మూడేళ్ల మా అక్క మెట్టు మెట్టుకీ దేవుణ్ణి తలుచుకుంటూ దిగింది. నీళ్లు నడుం దాకా వచ్చాక నా భుజాలు గట్టిగా పట్టుకుంది.

“వెనక్కి వాలు. నేనున్నాను,” అన్నాను.

“నువ్వు నిలబడగలవా మరి?”

చూసుకున్నాను. కమ్మీ పట్టుకోలేదు. తన్వి పక్కన ఉంది కానీ దాని చెయ్యీ పట్టుకోలేదు. బూటు కింద నేల ఉన్నట్టు కుడిపాదం అంచున సన్నగా తెలుస్తోంది.

“నిలబడే ఉన్నానక్కా.”

వాలింది. రెండు అరచేతులూ అక్క వీపు కింద పెట్టాను. బిగదీసుకున్న ఒళ్లు మెల్లగా వదులైంది. నెరిసిన జుట్టు నీళ్ల మీద పరుచుకుంది. నిజానికి నా చేతులతో పనేమీ లేదు, ఆ నీళ్లే మోస్తున్నాయి.

“వదలనా?” అన్నాను.

“వద్దే,” అంది కళ్లు మూసుకునే. “ఇంకాసేపు.”

సరేనని అలాగే పట్టుకుని నిలబడ్డాను.